గార్డు పెట్టె నిచ్చెన

నా అద్దాల అల్మారాలో ఐదు రైలు పెట్టెలు ఉండాలి. ఇప్పుడు నాలుగే ఉన్నాయి. ఒక్కొక్కటి జానెడు పొడవు. ఒకప్పుడు ఫలక్‌నుమా మీదుగా పాలమూరు వైపు చిన్న పట్టాల మీద నడిచిన పాసింజర్ బండికి ఇవి నకళ్లు. ఆ పట్టాలు తీసేసి పెద్దవి వేసి చాలా ఏళ్లయింది. పాత పెట్టెల రంగు గుర్తున్నవాళ్లు మా గౌలిపురాలో ఇంకా కొందరు ఉన్నారు గాని, దాని కోసం నాతో కూర్చునేవాళ్లు లేరు. కార్వాన్ నుంచి ఒకరు వచ్చేవారు. ఆయన రావడం మానేశారు.

నేను దినపత్రికలో ముప్పై ఏళ్లు డెస్కు మీద పనిచేశాను. రాత్రి డ్యూటీల వల్ల మధ్యాహ్నం దాకా నిద్రపోయే మనిషిగానే మా గల్లీకి తెలుసు. అందుకని రిటైరైన నాటికి పలకరించే వాళ్లు పెద్దగా మిగల్లేదు. భార్య అంతకుముందే పోయింది. పొద్దు గడవక పాత ఇష్టం ఒకటి బయటికి తీశాను. పల్చటి ప్లాస్టిక్ షీటు కోసి పెట్టె గోడలు చేయడం, మొద్దు సూదితో వెనక నుంచి ఒత్తి రివెట్లు లేపడం, కరెంటు వైరు ఒలిచి అందులోని సన్నటి రాగి పోగులతో కిటికీ చువ్వలు పెట్టడం. ఒక్క కిటికీకి ఒక సాయంత్రం పట్టేది. తొందరేమీ లేదు కదా.

చక్రాలే నాకు చేతకాలేదు. అక్కడే ఆయన కలిశారు.

జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య ఒక టేప్ రికార్డర్ మోటారు మీద ఇద్దరం ఒకేసారి చెయ్యేశాం. ఆయన కార్వాన్ మనిషి. ఇంట్లో తరాలుగా బర్రెల పాడి. తమ్ముడు పాల వ్యాపారం చూసుకుంటే, ఈయన కంచన్‌బాగ్ వైపు ఒక కర్మాగారంలో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద టర్నరుగా చేసి అప్పుడే రిటైరయ్యారు.

"దేనికి సార్ మీకిది?"

"రైలుకు."

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశారు. "మనుమనికా?"

"నాకే."

"అట్లజెప్పుండ్రి," అని మోటారు నా చేతిలో పెట్టారు. "చక్రాలు ఎవరు జేస్తరు మరి?"

ఆ ప్రశ్నతో ఐదేళ్లు గడిచాయి. బర్రెల కొట్టం పక్క గదిలో ఆయనకు సొంత లేత్ ఉండేది. ఇత్తడి కడ్డీ నుంచి గోరంత చక్రాలు తీసేవారు. గోడలు, రంగు, అక్షరాలు నావి. చక్రాలు, ఇరుసులు, అతుకు పనంతా ఆయనది. వారానికి రెండు సార్లు స్కూటర్ మీద వచ్చి, నా బల్ల పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చునేవారు. మేం ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు చూస్తూ కూర్చోవడం అంతే. అది మాటకన్నా ఎక్కువని నాకు అప్పట్లో తెలియదు.

నాలుగు పెట్టెలయ్యాక ఐదోది మొదలుపెట్టాం. చివర తగిలించే గార్డు పెట్టె. దాని వెనక గోడ మీద పెద్ద ఇంటూ గుర్తు ఉంటుంది. స్టేషన్‌లో నిలబడ్డ రైల్వే మనిషి ఆ గుర్తు చూశాకే బండి మొత్తం వచ్చిందని నమ్ముతాడు. గుర్తు కనపడలేదంటే, ఏదో పెట్టె దారిలో ఊడిపోయిందన్నమాట. అదే గోడ మీద ఒక అంచున పైకప్పుకు పోయే నిచ్చెన కూడా ఉంటుంది. ఆయన సన్నటి ఇత్తడి తీగతో ఏడు మెట్ల నిచ్చెన అతికి, గోడకు రంధ్రాలు పెట్టి కుడి అంచున బిగించారు. అంత చక్కటి పని నేను మళ్లీ చూడలేదు.

ఆ రోజు ఆయన పాత కర్మాగారం దోస్తులు నలుగురు మా ఇంటికి వచ్చారు. తన పని చూపించుకోవాలని ఆయనే పిలుచుకొచ్చారు. చాయ్ తాగుతూ పెట్టెను చేతులు మార్చుకుంటున్నారు. ఒకాయన నిచ్చెన మీద వేలు పెట్టి, "ఏం పని చేసినవ్ భాయ్! చీమ ఎక్కుతది దీని మీద," అన్నాడు. ఆయన నవ్వుతున్నారు.

నేను ఊరుకోవలసింది. కాని ముప్పై ఏళ్లు ఎదుటివాళ్ల తప్పు పట్టుకోవడానికే నాకు జీతమిచ్చారు. లేచి అల్మారా సొరుగులోంచి మా పత్రిక కటింగ్ తీశాను. ప్లాట్‌ఫారం మీద నుంచి తీసిన నలుపు తెలుపు ఫోటో. బండి వెనక భాగం, పెద్ద ఇంటూ గుర్తు, పక్కన జెండాతో గార్డు.

"అన్నా, నిచ్చెన ఎడమ దిక్కు ఉండాలె. ఇగో చూడు, పేపర్ల వచ్చింది."

ఆయన కటింగ్ తీసుకుని చాలాసేపు చూశారు.

"నాకు కుడి దిక్కున్నట్టే యాదికుంది సార్."

"యాదికి ఉండుడు వేరన్నా. ఇది ఫోటో."

దోస్తుల్లో ఒకడు నవ్వి, "టర్నర్ సాబ్ లెఫ్టూ రైటూ మరిచిపోయిండు," అన్నాడు. మిగతావాళ్లూ నవ్వారు. ఆయన నా బల్ల మీది చిన్న పట్టకారు తీసుకుని, అందరి ముందే తన నిచ్చెన తానే పీకి, ఎడమ అంచున కొత్త రంధ్రాలు పెట్టి బిగించారు. కుడి పక్క పాత రంధ్రాలకు లప్పం పెట్టి వేలితో నునుపు చేశారు. "ఇగ మీరే ఫినిష్ చేయుండ్రి సార్," అని దోస్తులతో కలిసి వెళ్లిపోయారు.

మళ్లీ రాలేదు. మొదట కొన్నాళ్లు నేను ఫోను చేస్తే, బర్రె ఈనిందనో మోకాలు నొప్పి అనో చెప్పేవారు. తర్వాత నేను చేయడం మానేశాను. నేను చెప్పింది తప్పు కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. స్టూలు మీద పాత పేపర్లు పేరుకున్నాయి. గార్డు పెట్టె రంగు లేకుండా, ఎముకలా తెల్లగా రెండేళ్లు ఉండిపోయింది.

ఈ ఏడు దాన్ని పూర్తి చేయాలనిపించింది. వినాయక చవితి తర్వాత పని తగ్గితే ధూల్‌పేట్‌లో విగ్రహాలకు రంగు కొట్టే ఒకాయన నా పెట్టెలకు స్ప్రే కొట్టిపెడతాడు. ఎర్రమట్టి రంగులో కాస్త నలుపు కలిపి, పాత నాలుగింటికి సరిపోయేలా తెచ్చాడు. పెట్టెను వెలుతురుకు తిప్పి చూస్తూ, "సార్, ఈడ లప్పం పెట్టిన జాగ కనవడ్తది," అన్నాడు.

"ఇంకో కోటు కొట్టు."

"ఎన్ని కొట్టినా గంతే. ఏనుగు తలకాయకు పెడితే నడుస్తది. గింత దానికి నడవదు."

ఇంటికి తెచ్చి, ఇంటూ గుర్తు ఎంత వెడల్పో చూసుకుందామని కటింగ్ మళ్లీ తీశాను. ఫోటో చుక్కలు చూడటానికి డెస్కులో వాడిన భూతద్దం ఇంకా నా దగ్గరే ఉంది. గీతలు కొలుస్తూ పక్కకు జరిగాను. గార్డు దగ్గర ఆగిపోయాను.

గార్డు తెల్లకోటు జేబు అతని కుడి రొమ్ము మీద ఉంది. జేబులో పెన్ను కూడా.

జేబు కుట్టేది ఎడమ వైపు. గుండీల పట్టీ చూశాను, అదీ తారుమారే. పేజీ తయారు చేసేటప్పుడు ఎవరో ఫిల్ము తిరగేసి పెట్టారు. ఫోటోలో ఒక్క అక్షరం ఉన్నా అప్పుడే దొరికిపోయేది. ఉన్నదల్లా ఇంటూ గుర్తు. అది ఎటు నుంచి చూసినా ఒకటే. ఆ పేజీ ఆ రోజు నేనే చూశానో, ఇంకెవరు చూశారో గుర్తు లేదు. ఎవరు చూసినా వదిలేసిన మాట నిజం. ఆయన నిచ్చెన మొదట పెట్టిన చోటే సరైన చోటు.

పత్రికలో తప్పు పోతే మర్నాడు లోపలి పేజీలో నాలుగు లైన్ల సవరణ వేస్తాం. నేను రెండు రోజులు ఆగాను. తర్వాత పెట్టెను పాత తువ్వాల్లో చుట్టి ఆటోలో కార్వాన్ వెళ్లాను.

తమ్ముడు వాకిట్లో పాల క్యాన్లు కడుగుతున్నాడు. "ఓ పేపర్ సార్! తొవ్వ మరిచిపోయిన్రనుకున్న. మా అన్నతోని కట్టీ ఇడిసిన్రా?" అని లోపలికి కేకేశాడు.

ఆయన సన్నబడ్డారు. లేత్ గదిలో కూర్చోబెట్టారు. లేత్ లేదు. దాని చోట బర్రెల దాణాకు తెచ్చిన గానుగచెక్క బస్తాలు నిలబెట్టి ఉన్నాయి.

"మిషన్ ఏమైందన్నా?"

"అమ్మేసిన. ఖాలీగ ఎందుకని."

నేను కటింగ్, భూతద్దం ఇచ్చాను. "ఫోటో ఉల్టా పడిందన్నా. గార్డు జేబు చూడు. నువ్వు చెప్పిందే కరెక్టు. తప్పు నాది."

ఆయన భూతద్దం పక్కన పెట్టేశారు. "నాకెరుకనే గద సార్. చిన్నప్పుడు మా బాపు గా బండిలనే పాలు తెచ్చేటోడు. క్యాన్లు గార్డు పెట్టెలకెళ్లి దించేదాక, నన్ను నిచ్చెన పట్టుకోని నిలవడమనేటోడు. పోరడు పట్టుకోనుంటే గార్డు జెండా ఊపడని." కుడి చెయ్యి భుజమంత ఎత్తు లేపి, గాలిలో ఒక మెట్టు పట్టుకున్నారు. "ఇట్ల. ఎనక గోడ దిక్కు మొఖం పెట్టి, గీ చెయ్యితోనే. అది నేనెట్ల మరుస్త?"

"మరి ఆ రోజు చెప్పకపోతివి?"

"మీరు కాగితం చూపిస్తిరి. దోస్తులు నవ్వవట్టిరి. కాగితం ముంగట నా చెయ్యి సంగతి నేనేం చెప్త సార్?"

తువ్వాలు విప్పి పెట్టె ఇచ్చాను. "మళ్ల కుడికి మారుస్తవా అన్నా?"

లప్పం మచ్చ మీద బొటనవేలు ఆనించి చూశారు. "రెండు దిక్కులా తూట్లు పడ్డయ్. మూడోసారి గోడ ఆగదు." చక్రం ఒకటి వేలితో తిప్పారు. అది చాలాసేపు తిరిగింది. ఆగేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

"ఉంచి పోండ్రి," అన్నారు.

గేటు దాకా వచ్చారు. మళ్లీ వస్తాననలేదు, రమ్మనీ అనలేదు. ఆటో కదిలాక, "రంగు మంచిగొచ్చింది సార్," అన్నారు.

నెల దాటింది. అల్మారాలో నాలుగు పెట్టెలు వరుసగా నిలబెట్టి, వెనక జానెడు జాగా వదిలాను. వాటిని చూస్తే ఏ స్టేషన్‌లోనైనా బండి మొత్తం రాలేదనే అంటారు. ఫోను చేయలేదు. ఈసారి ఆయన చేతికి ఎంత కాలం కావాలో అంత కాలం ఇవ్వాలి. స్టూలు మీది పేపర్లు మాత్రం కట్టలు కట్టి పాతపేపర్లవాడికి వేసేశాను. సాయంత్రం స్కూటర్ చప్పుడైతే తలెత్తుతాను. మా గల్లీలో స్కూటర్లు చాలా ఉన్నాయి.