కోడలి మాటను మార్చి చెప్పాను

నేను చెప్పేది రాయి బిడ్డా. ఈ బరువు మోస్తూ ఏళ్లు గడిపాను. పండుగ పూట కూడా దించలేదు.

మీ అత్త సంగతి. అదే, నా కోడలు. పెళ్లయి పాలమూరు నుంచి ఈ మరాఠీ పట్నంలోని కామాటిపురకు వచ్చినప్పుడు ఆమెకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. కడుపులో బిడ్డ పోయాక తిండి మానేసింది, పలకడం మానేసింది. గ్రాంట్ రోడ్ దగ్గరి దవాఖానాలో మాటలతోనే నయం చేసే మేడమ్ ఉందంటే తీసుకెళ్లాను. మేడమ్‌ది మరాఠీ. ఇటు మాట అటు చెప్పడానికి మధ్యలో నేను.

కోడలు చాలాసేపు ఏడ్చి, నా చెయ్యి పట్టుకుంది. "నాకు బతకబుద్ధి అయితలేదు అత్తమ్మా. గిదే చెప్పు ఆమెకు."

నేను మేడమ్ వైపు తిరిగి, పిల్లకు నిద్ర పట్టడం లేదు, పుట్టిల్లు యాదికొస్తోంది అన్నాను.

ఎందుకన్నాను? చావు మాట పైకి అంటే తథాస్తు దేవతలు వింటారని మా అమ్మ నేర్పింది. మరి నేను దేవతలకే భయపడ్డానా, గల్లీలో జనానికా? జనానికేనేమో. వెళ్లిన ప్రతిసారీ అలాగే మార్చాను. ఆమె తన ప్రాణం గురించి చెబుతుంటే, నేను నిద్ర గురించి చెబుతూ కూర్చున్నాను. పిల్ల ఇంకా కుంగిపోయింది.

చివరికి మేడమే పసిగట్టింది. ఆమె అంతసేపు చెబితే మీరు ఇంతే చెబుతారేం అని నన్ను బయట కూర్చోబెట్టి, తెలుగు వచ్చిన ఇంకో మేడమ్‌ను పిలిపించింది. ఆమె సూటిగానే అడిగిందట, చచ్చిపోవాలనిపిస్తోందా అని. ఏ దేవతా తథాస్తు అనలేదు బిడ్డా. అలా అడిగినందుకే పిల్ల సగం తేలికపడింది. ఆ ఆలోచన మళ్లీ వస్తే ఎవరి తలుపు కొట్టాలో కూడా ఇద్దరూ కూర్చుని అనుకున్నారు. ఒకసారి కొట్టింది. పక్కింటి తలుపు. నాది కాదు.

ఒక్కరోజులో కాలేదు. వెళ్తూ ఉంది, మాట్లాడుతూ ఉంది. ఒకనాడు నల్లా దగ్గర ఎవరితోనో జగడం పెట్టుకుని, గెలిచి, నవ్వుతూ లోపలికొచ్చింది. నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఇప్పుడు చూస్తున్నావుగా, కూరగాయలవాణ్ని మరాఠీలోనే దబాయిస్తుంది, నా నడకను వెక్కిరిస్తుంది, ఆమె నవ్వితే ఈ చాల్‌లో అన్ని గదులకూ వినిపిస్తుంది.

నాకు మరాఠీ సరిగా రాదనే మేడమ్‌ను మార్చారని అప్పట్లో ఆమెతో అన్నాను. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని. అయినా నమ్మింది. ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది: "మా అత్తమ్మ చెయ్యి పట్టి తీస్కపోకుంటే నేను లేకపోతుంటి." అది విన్నప్పుడల్లా సంతోషం పొంగుతుంది, వెంటనే తల వంగిపోతుంది.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. చెప్పేశాక మాత్రం ఊపిరి ఆడుతోంది.

గ్యాలరీలో బట్టలు ఆరేస్తోంది చూడు. ఇప్పుడు గట్టిగా చదువు, ఆమెకు వినపడాలి. తెలుగులోనే. ఒక్క ముక్క కూడా మార్చకు.