ఆర్డిస్ గారి ఇనప బిళ్ళ

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మొదలుపెట్టాక నవ్వితే మధ్యలో ఆపేసి వెళ్ళి పడుకుంటా. మా పాప మిన్నూ మీద ఒట్టు... ఒక్క ముక్క కల్పించి చెప్పట్లేదు. నా పక్కన కూర్చున్న మా ఆయన కిరణ్ కూడా విన్నాడు. కావాలంటే అడగండి. చూశారా, అప్పుడే ఫోన్ తీసి దాని వెనక దాక్కున్నాడు.

ఈ అరోరా ఊరికి రాకముందు మేం సౌత్ డకోటాలో ఉండేవాళ్ళం కదా. కిరణ్‌కి గాలితో కరెంటు తీసే విండ్ ఫామ్‌లో జాబ్, నాకు కౌంటీ హాస్పిటల్‌లో ఫిజియోథెరపిస్ట్‌గా. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, మొత్తానికి ఒక్కటే ట్రాఫిక్ లైటు. అదీ పసుపు రంగులో ఊరికే మిణుకుమిణుకుమంటూ ఉండేది. మొక్కజొన్న, సోయా, ఆవులు... మిగతాదంతా గాలి. కరివేపాకు కావాలంటే మూడు గంటలు డ్రైవ్ చేయాలి. వెళ్ళిన కొత్తలో రోజూ ఏడ్చేదాన్ని. వదిలి వచ్చేటప్పుడు ఇంకా ఎక్కువ ఏడ్చా.

అక్కడి మనుషుల సంగతి ఒకటి చెప్పాలి. సాయం చేస్తారు, కానీ చేశామని చచ్చినా ఒప్పుకోరు. మొదటి చలికాలం పొద్దున్నే లేచి చూస్తే మా డ్రైవ్‌వేలో మంచు ఉండేది కాదు. ఎవరో శుభ్రంగా ఎత్తేసి ఉండేవారు. ఎవరా అని కనిపెడితే... లైల్. డెబ్బై దాటిన రైతు, మా రోడ్డులోనే ఉంటాడు. వెళ్ళి థాంక్స్ చెప్పా. ఆకాశంలోకి చూశాడు. "గాలికి కొట్టుకుపోయి ఉంటుంది" అన్నాడు. ట్రాక్టర్ టైర్ల గుర్తులు మా గుమ్మం దాకా ఉన్నాయి కదయ్యా అన్నా. "గాలే" అన్నాడు మళ్ళీ, మొహంలో నవ్వన్నది లేకుండా.

ఆయన పొలం దాటితే ఆర్డిస్ గారి ఇల్లు. తొంభైకి దగ్గర పడిన మనిషి, ఒక్కతే ఉండేది. తుంటి ఆపరేషన్ అయ్యాక నా మొదటి పేషెంట్. నేను కాలు ఎత్తమంటే ఆవిడ కథ ఎత్తేది. వాళ్ళ తాత నార్వే నుంచి వచ్చి మట్టి గడ్డల్ని ఇటుకల్లా పేర్చి ఇల్లు కట్టుకోవడం... ఏ పొలంలో ఎవరుండేవాళ్ళు, ఎవరు ఎప్పుడు వదిలి వెళ్ళిపోయారు... అన్నీ చెప్పేది. ఇప్పుడు ఆ పొలాల్లో ఇళ్ళు లేవు. ఆవిడ నోట్లో మాత్రం అందరూ ఉన్నారు. నాకు ఆవిడంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

వాళ్ళ పెరట్లో పాత గాలిమర ఉంది. దాని కాలికి గొలుసుతో ఒక ఇనప బిళ్ళ వేలాడుతూ ఉండేది, దుక్కి దున్నే డిస్క్. మంచు తుఫాను వస్తే వాళ్ళమ్మ సుత్తి పట్టుకుని దాన్ని కొడుతూ నిలబడేదట. పొలాల్లో చిక్కుకున్నవాళ్ళు ఆ చప్పుడు పట్టుకుని ఇల్లు చేరాలి. అందరూ వచ్చేదాకా ఆపేది కాదట. వచ్చినవాళ్ళకి ముందు నోట్లో ఒక పంచదార గడ్డ పెట్టి, ఆ తర్వాతే మాట. నేనేమో మా ఊళ్ళో బడిగంట కూడా రైలు పట్టా ముక్కేనండీ అన్నా. మురిసిపోయింది. వరండాలో మేకుకి ఉన్న సుత్తి తెప్పించి నాచేత కొట్టించింది. ఖంగ్... అచ్చం మా బడిగంటే.

ఇంకొకటి కూడా కలిసింది మాకు. నేను పులిహోర డబ్బాలో పెట్టి ఇస్తే ఆవిడ డబ్బా ఎప్పుడూ ఖాళీగా తిరిగి ఇచ్చేది కాదు. మనలాగే. కొట్లో కొన్న కుకీలో, టమాటాలో ఏదో ఒకటి వేసేది. పంచదార మాత్రం కాదు. షుగర్ వచ్చాక ఇంట్లోకి పంచదార రానివ్వలేదు.

సరే... ఆ రోజు శనివారం, జనవరి. మిన్నూకి అప్పుడు మూడేళ్ళు. దాన్ని తీసుకుని ఆర్డిస్ గారికి పులిహోర ఇచ్చి, కబుర్లు చెప్పి బయల్దేరేసరికి అయిదు దాటింది. అక్కడ చలికాలం అయిదంటే రాత్రే. పైన నక్షత్రాలు కనిపిస్తున్నాయి. మంచు పడటం లేదు. ఏం కాదులే అనుకున్నా.

గాలి లేచింది.

కొత్త మంచు పడక్కర్లేదండీ అక్కడ. పడి ఉన్నదాన్నే గాలి లేపుతుంది. పైన నక్షత్రాలు... కింద పాలు పొంగినట్టు తెలుపు. హెడ్‌లైట్లు వేస్తే నా కారు బానెట్ నాకే కనిపించలేదు. ఆ కౌంటీలో రోడ్లు గళ్ళ చీరలా ఉంటాయి, మైలుకొకటి, నిటారుగా. కానీ భూమి గుండ్రం కదా, గళ్ళు సరిగ్గా అతకవు. అందుకని కొన్నిచోట్ల రోడ్డు ఠక్కున పక్కకి జరిగి మళ్ళీ ముందుకెళ్తుంది. ఆర్డిస్ గారి ఇల్లు దాటాక అలాంటి మలుపే ఒకటి. రోడ్డు పక్కకి జరిగింది... నేను జరగలేదు. కారు వెళ్ళి గుంటలో కూర్చుంది.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోయింది. దిగి చేతుల్తో తీశా, గాలి మళ్ళీ నింపింది. మళ్ళీ తీశా. మళ్ళీ నింపింది. అలాగే ఇంజిన్ ఆన్‌లో ఉంచితే పొగ లోపలికి వస్తుంది, పిల్ల ఉంది. ఆపేశా. హీటర్ పోయింది. కాసేపటికే అద్దాల మీద లోపలివైపు మంచు పేరుకుంది.

"కారు వదలకూడదు." ఆ కౌంటీలో అందరూ చెప్పే మొదటి మాట అదే. వదిలినవాళ్ళు దొరికేది ఎండాకాలమే అంటారు. నేను వదల్లేదు. పిల్లని కోటులోకి లాక్కుని కూర్చున్నా. అప్పటిదాకా ఏడుస్తున్న మిన్నూ... ఏడుపు ఆపేసింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. "నాన్నా, పడుకోకు, రైమ్ చెప్పు" అంటున్నా. చెప్పట్లేదు. నా జన్మలో అంత భయపడలేదు.

అప్పుడు వినిపించింది.

ఖంగ్...

గాలి అనుకున్నా.

ఖంగ్...

గాలికి తాళం ఉండదు కదండీ. దీనికి ఉంది. నిదానంగా, తొందర లేకుండా, బడి వదిలినప్పుడు కొట్టినట్టు. ఎంతసేపు విన్నానో తెలీదు. చివరికి చున్నీతో పిల్లని గుండెకి కట్టుకుని, పైన కోటు వేసుకుని, తలుపు తీశా. చేసింది తప్పేనని ఇప్పటికీ అంటా. మీరెవ్వరూ చేయొద్దు.

ఒక చేత్తో రోడ్డు పక్క కంచె తీగ పట్టుకుని నడిచా. కాళ్ళు కనపడవు. చెయ్యి కనపడదు. చప్పుడొక్కటే. కాస్త పక్కకి పోతే సన్నబడేది. మళ్ళీ తిరిగితే దగ్గరయ్యేది. ఒకచోట ఊపిరి అందక ఆగిపోయా... అదీ ఆగింది.

గాలి హోరు తప్ప ఏమీ లేదు.

నేను కదల్లేదు. అదీ మోగలేదు. నా కోసం ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు అనిపించింది. ఇదిగో, ఇప్పుడు చెప్తుంటే కూడా చేతుల మీద రోమాలు లేస్తున్నాయి చూడండి.

ఒక్క అడుగు వేశా.

ఖంగ్...

ఏడ్చుకుంటూ నడిచా. చేతికి గాలిమర ఇనప కాలు తగిలింది. నా తల పక్కనే మోగుతోంది బిళ్ళ. అంత దగ్గర్లో. అక్కడ ఎవరైనా ఉన్నారా... చూడలేదు. నిజం చెప్తున్నా, తల తిప్పలేకపోయా. ఎదురుగా కిటికీ వెలుగు కనిపిస్తే అటే పరిగెత్తా.

అక్కడ తలుపులకి తాళాలుండవు. తోసుకుని లోపలికి పడ్డా. ఆర్డిస్ గారు కుర్చీలో, ముందు వాకర్. "తలుపు వెయ్యమ్మా, చలి" అంది, నేను వస్తానని తెలిసినట్టు. పిల్లని హీటర్ దగ్గర పెట్టి అరిచేతులు రుద్దితే, మిన్నూ కళ్ళు తెరిచి "అమ్మా, కోల్డ్" అంది. 

ల్యాండ్‌లైన్ నుంచి కిరణ్‌కి ఫోన్ చేశా. నేరుగా వాయిస్‌మెయిల్‌కి పోయింది.

ఖంగ్...

బయట ఇంకా మోగుతోంది. ఎవరండీ కొడుతున్నది అని అడిగా. ఆవిడ తల పక్కకి వంచి వింది. చెవి మెషిన్లు టేబుల్ మీద గిన్నెలో ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నా.

"ఇంకా ఎవరో బయట ఉన్నారు" అంది. "అందరూ వచ్చేదాకా అమ్మ ఆపదు."

వాళ్ళమ్మ పోయి ఎన్నో ఏళ్ళు.

ఇంకా ఎవరు ఉంటారు బయట... అనుకుంటుండగానే తట్టింది. కిరణ్. నేను రాలేదని వెతుక్కుంటూ బయల్దేరి ఉంటాడు. తలుపు దగ్గరికి పరిగెత్తా. "తెరవకు" అంది ఆర్డిస్ గారు. "లెక్క తప్పుతుంది." ఆ మాటకి అర్థం నాకిప్పటికీ తెలీదు. తెరవలేదు. చప్పుడు వింటూ నిలబడ్డా. అది మోగినంతసేపూ ఈయన నడుస్తున్నట్టే అని నాకు నేనే చెప్పుకున్నా.

తలుపు తెరుచుకుంది. కిరణ్, కనుబొమ్మల మీద మంచు కట్టిపోయి ఉన్నాడు. తన కారూ మంచులో ఇరుక్కుంటే దిగి, గుంటలో నా కారు ఖాళీగా చూశాడట.  మిన్నూని తడిమాడు, నన్ను తడిమాడు, అక్కడే నేల మీద కూలబడ్డాడు. "చప్పుడు వింటూ వచ్చా మధూ" అన్నాడు.

అప్పుడు గమనించాం. ఆగిపోయింది.

మళ్ళీ మోగలేదు ఆ రాత్రి. గాలి మాత్రం తెల్లారేదాకా కొట్టింది.

పొద్దున గాలిమర దగ్గర అడుగుల గుర్తులు లేవు, ఉన్నా గాలి మిగల్చదు. సుత్తి వరండాలో మేకుకే ఉంది. లైల్ ట్రాక్టర్‌తో వచ్చి మా కార్లు లాగాడు. రాత్రి నన్ను వెతకడానికి బయల్దేరే ముందు కిరణ్ ఆయనకి మెసేజ్ పెట్టాడట, మేం బయట ఉన్నామని. నువ్వేనా కొట్టింది అని అడిగా. రాత్రి ట్రాక్టర్ స్టార్ట్ కాలేదు, ఇంట్లోనే ఉన్నా అన్నాడు. ఆకాశంలోకి చూశాడు. "గాలే అయి ఉంటుంది." ఆయన గ్లవ్స్ నిండా తుప్పు. రైతు గ్లవ్స్‌కి తుప్పు కాక ఏముంటుంది.

ఏం చేయను. పరవాన్నం వండా. ఒక డబ్బా లైల్‌కిచ్చా. ఇంకో డబ్బా... నవ్వొద్దన్నా... గాలిమర కింద పెట్టొచ్చా. "ఇంజినీర్ పెళ్ళాం చేసే పనేనా ఇది" అన్నాడు ఈయన. కానీ అక్కడ కారు ఆపింది ఈయనే.

కొన్నాళ్ళకి పొద్దున తలుపు తీస్తే మెట్టు మీద డబ్బా. తోమి, తుడిచి ఉంది. మూత తీశా. లోపల మూడు పంచదార గడ్డలు.

డబ్బా పట్టుకుని లైల్ దగ్గరికి పోయా. నాది ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, సగమే తిన్నా అన్నాడు. చూపించాడు కూడా. మరి ఇదెవరిది అని మూత తీసి చూపించా. గడ్డల్ని చూశాడు. ఆకాశంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. గాలి అంటాడని ఎదురుచూస్తూ నిలబడ్డా.

అనలేదు.

"పాపకి పెట్టు" అని ట్రాక్టర్ ఎక్కాడు.