నాయన పాటల కోసం అణచిన రొద

పోయిన ఆదివారం మా కోట ఊరి చర్చిలో పాటల చరణాలు తెరమీద చూపించడానికి కొత్త కంప్యూటరు పెట్టినారు. చప్పుడే లేదే, ఇంతకీ ఆన్ చేసినారా అని నేనడిగితే, దాని ముందు కూర్చున్న అమ్మాయి నవ్వి, ఇప్పటివి అంతే అవ్వా అనింది. నేనూ నవ్వినాను గానీ, ఆరాధన ముగిసేదాకా మనసు పాట మీద నిలవలేదు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటరు వేస్తే పిండిమిల్లు పక్కన కూర్చున్నట్టుండేది. మా అన్న టైపింగు పనుల కోసం కొన్నది ఇంకా గోల, ఎందుకంటే యంత్రానికైనా చల్లగాలి తగలాలి గదా అని మా నాయన దాన్ని సముద్రం వైపు కిటికీ కిందనే పెట్టించినాడు. ఆ ఉప్పుగాలికి మా తలుపుల గొళ్లాలే తుప్పుపట్టి రాలిపోతుంటే, కంప్యూటరుకు కరెంటు పంచే పెట్టెలోని ఫ్యాను ఏపాటిది!

నాయన చర్చిలో పాటలు నేర్పేవాడు. సగం పాటలకు రాగం ఆయన సొంతం, ఎక్కడా రాసిపెట్టింది లేదు. అందరూ ఆయన వెనకాలే పాడేవాళ్లు, ఆయన లేని వారం దారి తప్పేవాళ్లు. ఆ గొంతులోనే పుండు లేచింది. ఆపరేషను చేస్తే ఇక మాట ఉండదని చెన్నైలో డాక్టర్లు చెప్పేసినారు. ఆ లోపల పాటలన్నీ కంప్యూటరులోకి ఎక్కిద్దామని అన్న మైకు తెచ్చినాడు. ఒక చరణం పాడి, విని, నాయన మొహం ముడుచుకున్నాడు. ఈ రొదలో దేవుడి పాటేందిరా, ముందు దాని నోరు మూయించు అని, పాడిన ఆ ఒక్క చరణం చెరిపించేదాకా ఊరుకోలేదు. అబ్బబ్బ, ఏం మొండిమనిషి!

పాపం మా అన్న! ప్లగ్గు పీకి, లోపల నిలవున్న కరెంటు పోవాలని పగలంతా వదిలేసి, అప్పుడు ఆ పెట్టె విప్పినాడు. ఫ్యాను రెక్కలకు ఉప్పూ దుమ్మూ కలిసి జిగటగా పట్టుకోనుంటే బ్రష్షుతో గీకి, మధ్యలో అమ్మ కుట్టుమిషను నూనె చుక్క వేసి, రేకు అదరకుండా సైకిలు ట్యూబు ముక్కలు కోసి స్క్రూల కింద పెట్టి బిగించినాడు. కొన్నాళ్లు రొద తగ్గినా నాయన ఒప్పుకునేంత కాదు, ఆపైన మళ్లీ గురక మొదలు. చివరికి నెల్లూరు నుంచి కొత్త ఫ్యాను తెప్పించి వేసి, కంప్యూటరును లోపలి గదిలోకి మార్చినాక, చెవి ఆనిస్తే తప్ప చప్పుడు వినపడలేదు. అమ్మ దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

ఆ సాయంత్రం నాయన తెల్లచొక్కా వేసుకుని మైకు ముందర కూర్చుని నోరు తెరిచినాడు. గాలి వచ్చింది గానీ స్వరం రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ ప్రయత్నించినాడు, మంచినీళ్లు తాగి మళ్లీ. అన్న ఫ్యానుతో కుస్తీ పడుతున్నన్నాళ్లూ పుండు తన పని తాను చేసుకుపోయింది. ఆఖరికి ఆయన మా మొహాలు చూడకుండా లేచిపోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్న చిన్నపిల్లాడిలాగా ఏడ్చినాడు.

ఆ సాయంత్రం మైకులో పడిన రికార్డు ఇంకా నా దగ్గరుంది. అన్న పనితనం ఎంత గొప్పదంటే, అందులో నాయన ఊపిరి ఒక్కొక్కటీ స్పష్టంగా వినపడుతుంది. రొద ఉంటే ఉండనీలే అని ఒక్క పాట పాడుంటే ఏం పోయేది నాయనా అని ఇప్పటికీ కోపమొస్తుంది, ఆ వెనకే దుఃఖం వస్తుంది. ఇప్పుడు చేతికొక ఫోను, తుమ్మినా దగ్గినా రికార్డే. ఆయన రాగాలు తెలిసినవాళ్లు మాత్రం ఒకరొకరే వెళ్లిపోయినారు. వంటింట్లో నేనొక్కదాన్నే ఎప్పుడైనా ఎత్తుకుంటే రెండో చరణం దగ్గర తప్పిపోతాను, అది కాదమ్మా అని సరిదిద్దే మనిషి లేడు.