అమ్మ మార్చిన ముగింపు

జెద్దాలో, బలద్ సందుల్లోని పాత సామాన్ల దుకాణంలో నిన్న ఒక టేప్ రికార్డర్ చూశాను. దాని ఎర్ర మీట నొక్కగానే అమ్మ గొంతు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు బాపు ఇక్కడే, ఖఫ్జీ ఊళ్లో మేస్త్రీ. ఈ దేశంలో సినిమా హాళ్లు లేని రోజులవి. జగిత్యాల దగ్గరి మా ఇంట్లో అమ్మ, టీవీలో వచ్చిన పాత సినిమాల కథలు క్యాసెట్లో చెప్పి, సెలవు ముగిసి ఇటు తిరిగొచ్చేవాళ్ల చేతికిచ్చి బాపుకు పంపేది. "హీరోయిన్ ఉత్త ఏడుపుగొట్టుది. ఆ లావు హాస్యగాడే నయం" అని తన తీర్పు కూడా కలిపేది.

ఒకసారి, ఓడెక్కి పరదేశం పోయిన తండ్రి సినిమా చెబుతూ, "ఆఖరుకు ఇల్లు చేరిండు. అందరు నవ్వుకుంట అన్నం తిన్నరు" అంది. సినిమాలో అతను తిరిగి రాడు. "అబద్ధం!" అని అరిచాను. అమ్మ టేపు వెనక్కి తిప్పి, నా అరుపు మీద మళ్లీ అదే చెప్పింది. ఆమెకు సినిమా అర్థం కాలేదనుకున్నాను.

బాపు సెలవుకు రాగానే అసలు ముగింపు చెప్పేశాను.

"ఎరుకే బిడ్డా. నువ్వు పుట్టకముందు ఇద్దరం టాకీసుల చూసినం."

"మరి తప్పు చెప్పినవని అమ్మకు చెప్పలేదేంది?"

"చెప్తే, ఇంకో క్యాసెట్ల అట్ల చెప్తదా?"

ఇప్పుడు ఇక్కడ సినిమా హాళ్లున్నాయి. వాళ్లిద్దరూ లేరు. సెలవు రోజున గదిలో ఆ సినిమా ఫోన్లో పెట్టుకుంటాను. తండ్రి ఓడెక్కే చోట ఆపేస్తాను. మిగతాది అమ్మ చెప్పినట్టే జరిగిందనుకుంటాను.