పొలానికెల్తన్నాను

నెల్లిమర్ల రోడ్డు పక్కన మా మేనత్త వాళ్ళకి వరిమడి ఉండేది. అది ఒక ఇంజనీరింగ్ కాలేజీకి పోయాక, ఆవిడ ఆ కాలేజీలోనే ఊడ్చే పనికి కుదిరింది. రోజూ పొద్దున్నే చీపురు చంకన పెట్టుకుని, “పొలానికెల్తన్నానే” అని మాకు చెప్పి బయల్దేరేది. గేటు దగ్గరికి రాగానే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకునేది. లోపల ఉన్నది సిమెంటు రోడ్డే అయినా, గట్టు దాటి మడిలోకి దిగుతున్నట్టే అడుగు వేసేది.

నేనూ అక్కడే చదివేదాన్ని. “పొలం కాదత్తా, క్యాంపస్ అనాల” అని దిద్దేదాన్ని. ఆవిడ ఊఁ అనేది. మర్నాడు మళ్ళీ పొలమే.

ఒకరోజు మా ఇంగ్లీషు మేడం పాఠం మధ్యలో ఆ మాట పుట్టుక చెప్పారు. క్యాంపస్ అన్నది లాటిన్ నుంచి వచ్చిందట, అక్కడ దానికి చదును నేల, పొలం అని అర్థమట. మధ్యాహ్నం క్యాంటీన్ వెనక అత్త అన్నం తింటుంటే పరుగున వెళ్ళాను.

“నువ్వన్నదే రైటత్తా! లాటినోల్ల బాసలో క్యాంపసంటే పొలమేనట.”

సంతోషిస్తుందనుకున్నాను. ముద్ద చేత్తో పట్టుకుని, ఆవిడ కాసేపు ఆ భవనాల వంక చూసింది.

“అయితే ఆల పొలాలు కూడా ఇలాగే పోనాయేటే?” అంది.