పొద్దు గూకాక వడిసెల

నా చిన్నప్పుడు జొన్నచేలు పాలు పోసుకునే రోజులొస్తే మా ఇంట్లో ఎవరికీ నిద్ర చాలేది కాదు. గిల్లేసూగూరు దగ్గరి మా పల్లెకు సరిగ్గా అప్పుడే జొన్నపిట్టలు దిగేవి. ఒళ్లు గులాబి, తలా రెక్కలూ నలుపు. చూడటానికి ముద్దుగానే ఉండేవి గానీ, ఒక గుంపు వాలి లేచిందంటే చేనులో ఆ మూలన ఒట్టి కంకులే మిగిలేవి. ఆ జొన్నలే మాకు ఏడాది రొట్టె.

మా అవ్వకు వాటి మీద ఉన్నంత కోపం ఊళ్లో ఇంకెవరికీ లేదు. తెల్లవారకముందే మంచె ఎక్కేది. వడిసెలలో రాయి పెట్టి తిప్పుతూ ఆ పిట్టల ఏడు తరాలనూ తిట్టేది. పక్కన నిలబడి నేనూ తిప్పేదాన్ని, సాయంత్రానికి అరచేయి బొబ్బలెక్కేది. కానీ పొద్దు గూకగానే అవ్వ వడిసెలను వాకిట్లో మేకుకు తగిలించేది. మళ్లీ తెల్లారేదాకా ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు.

ఆ వేళకు పిట్టలు వంక ఒడ్డున ఉన్న తుమ్మలకు చేరేవి. అన్ని దిక్కుల నుంచీ గుంపులుగా వచ్చి, ఒక్కటై, ఆకాశంలో చాప చుట్టినట్టు చుట్టుకుని, విప్పుకుని, చివరికి ఒక్కసారిగా ముళ్లలోకి జారేవి. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. మా జొన్నలు తిని మా కళ్లెదుటే హాయిగా పండుకుంటాయా అని.

ఒక ఏడు సగం చేను పోయింది. మా చిన్నాయన గడ్డిమోపులు, కిరోసిన్ డబ్బా సిద్ధం చేశాడు. చీకటి పడగానే తుమ్మలకు నిప్పు పెడితే పీడ వదులుతుందన్నాడు. నేను లోలోపల సంబరపడ్డాను. అవ్వ మాత్రం వెళ్లి తుమ్మలకు అడ్డంగా నిలబడింది.

“పగలు చేన్ల కొట్టురి, రాళ్లు నేనే ఏరిస్త. పండుకున్న జీవాలకు నిప్పు పెడ్తరా? గదేం మొగతనంరా?” అంది.

మరి మా పిల్లలేం తినాలని చిన్నాయన అడిగాడు. అవ్వ అక్కడే కూలబడి, పిట్టల గోల సద్దుమణిగేదాకా లేవలేదు. కన్నతల్లిని ఈడ్చి పారేయలేక చిన్నాయన మోపులు ఎత్తుకుని ఇంటికి మళ్లాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది, ఆ రాత్రి అవ్వ పక్కన పడుకోలేదు. తెల్లారి లేచేసరికి మంచె మీద నుంచి ఆమె తిట్లు ఊరంతా వినిపిస్తున్నాయి. ఆ ఏడు జొన్నలు ఎండాకాలానికే అయిపోయాయి. అందరికంటే ముందు రొట్టె తగ్గించుకున్నది అవ్వే. అది చూశాక నా కోపం ఎటు పోయిందో తెలియదు.

తుమ్మలు ఇప్పుడు కొన్నే మిగిలాయి. వానలు వెనకపట్టగానే పిట్టలు మాత్రం వస్తూనే ఉన్నాయి. మొన్న సాయంత్రం చూద్దామని వెళితే, బైకుల మీద వచ్చిన నలుగురు, అంతా పెళ్లయి పిల్లలున్నవాళ్లే, పిట్టలు సర్దుకున్నాక పటాకులు కాల్చారు. గుంపు లేస్తే ఫోన్‌లో వీడియో బాగా వస్తుందట. చీకట్లో దిక్కు తెలియక పిట్టలు ముళ్లకు కొట్టుకుంటుంటే, ఇంకోటి కాల్చరా అని నవ్వుకున్నారు. వీళ్ల చేను పోలేదు, వీళ్ల గింజ పోలేదు. పిల్లల ఆకలికి భయపడి నిప్పు పెట్టబోయిన మా చిన్నాయన వీళ్లకంటే వెయ్యి రెట్లు నయం.

వెళ్లి అడ్డంగా నిలబడ్డాను. అవ్వ మాటలే వచ్చాయి, ఆమె మంచె మీద వాడే తిట్లన్నీ కలిసి. ముసలిదానికి పిచ్చి పట్టిందంటూ బైకులు తీశారు.

మా ఇంట్లో ఇప్పటికీ వడిసెల ఉంది. పొద్దు గూకగానే మేకుకు తగిలిస్తాను. నోరు మాత్రం తగిలించను.