తలుపు మూసిన ఎనిమిది కోర్లు

కంప్యూటర్ల దుకాణం వెనకగదిలో పెట్టెలు బిగించే ఆ మనిషిని అందరూ చాలుగారనేవారు. ఆ 'గారు' మర్యాద కోసం తగిలించింది కాదు, వెక్కిరింతకే. పెద్ద ప్రాసెసర్ మీద మనసు పడి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, ఏం పని చేస్తావని అరగంట ఆరా తీసి, చివరికి చిన్నది చేతిలో పెట్టి "మీకిది చాలు" అనడం అతని అలవాటు. ముందు కౌంటర్లో యజమాని పళ్లు నూరేవాడు.

"అయ్యా చాలుగారూ, తమరు నా దగ్గర పనిచేస్తున్నారా, కొనేవాళ్ల దగ్గరా?"

"రేపు తిట్టుకుంటూ వచ్చేది నా దగ్గరికేగా సార్."

అట్టపెట్టె మీద అచ్చేసిన అంకెల్ని అతను నమ్మడు. పదహారుమంది కూలీల్ని పిలిచి ఒక్కడు చేసే పని చెబితే, పదిహేనుమంది గోడకానుకుని నిలబడతారు, ప్రాసెసర్ లోపల పనిచేసే కోర్లూ అంతే అనేవాడు. అందుకే, మీ పనుల్లో అన్నిటికన్నా బరువైనదాన్ని పెన్‌డ్రైవులో పట్రమ్మనేవాడు. దాన్ని తన బల్ల మీద రెండు మూడు ప్రాసెసర్లతో నడిపించి, చేతిగడియారం చూసి, పట్టిన సెకన్లు అట్ట నోటుబుక్కులో రాసుకునేవాడు. నాలుగేళ్లలో మూడు పుస్తకాలు నిండాయి. చదువు మధ్యలో ఆగిన మనిషికి అవే పట్టాలు. పట్టాలున్నవాళ్లు సెకన్లు లెక్కపెట్టరు, పెట్టె మీది బొమ్మ చూసి కొనేస్తారని అతని కడుపుమంట.

అతని అక్క ఇళ్ల లోపలి గదులను కంప్యూటర్లో గీస్తుంది. పదిహేనేళ్లు ఒక ఆఫీసులో గీసింది. బొమ్మ ఆమెది, కింద పేరు వాళ్లది. విసిగి బయటికొచ్చి, ఇంట్లోనే సొంతంగా మొదలుపెట్టింది. కొత్త పెట్టె కొనే రోజున బావ పదహారు కోర్లది కావాలన్నాడు. తమ్ముడు ఆమె ఫైలు తెప్పించి నడిపి చూశాడు. రోజంతా గోడలు జరిపి కిటికీలు మార్చే పనిలో కష్టపడేది ఒకటి రెండు కోర్లే. గదిలో మనమే నడుస్తున్నట్టు కనిపించే వీడియో తీసేటప్పుడు మాత్రం అన్నీ ఒక్కటై లాగుతాయి. అది నెలకొకసారి వచ్చే పని. ఆ వీడియోకి కావలసిన ఆరువందల బొమ్మల్లో పది, ఎనిమిది కోర్లదానితో తీసి చూశాడు. ఒక్కోదానికి ఇరవైనాలుగు సెకన్లు. మొత్తం నాలుగు గంటలు.

"ఎనిమిది చాలక్కా. మిగిలిన డబ్బుతో మెమరీ రెట్టింపు చేద్దాం. అది నీకు రోజూ పనికొస్తుంది."

"మీ తమ్ముడు కాఫీ పోసినా సగం గ్లాసుకే చాలంటాడు" అన్నాడు బావ.

నెల తిరక్కుండా అక్కకి మొదటి పెద్ద పని వచ్చింది. అపార్టుమెంట్లు కట్టే ఒకాయన శనివారం రెండింటికి తన భాగస్వాములకు వీడియో చూపించాలి. "రెండు దాటిందంటే మీ పాత ఆఫీసువాళ్లు ఇచ్చిందే చూపిస్తానమ్మా, ఏమనుకోవద్దు" అని ముందే చెప్పాడు. శుక్రవారం రాత్రి దాకా ఆయన గదుల రంగులు మారుస్తూనే ఉన్నాడు. శనివారం తొమ్మిదింటికి అక్క వీడియో మొదలుపెట్టింది. ఒంటిగంటకి అయిపోవాలి.

పదిన్నరకి తమ్ముడికి ఫోను.

"ఒరేయ్, మూడున్నర అంటోందిరా ఇది!"

"ఏది మూడున్నర?"

"అయ్యేది! పొద్దున ఒంటిగంట చూపించింది. నేనేం ముట్టుకోలేదురా, ఒట్టు."

నోటుబుక్కు సంచిలో పడేసుకుని స్కూటరెక్కాడు. కూడలిలో ఎర్రదీపం దగ్గర కాలు కింద పెట్టి మళ్లీ లెక్క చూసుకున్నాడు. పది బొమ్మలు, రెండువందల నలభై సెకన్లు. అంటే నాలుగు నిమిషాలు. నాలుగు గంటల పనికి నాలుగు నిమిషాలు చూసి మాటిచ్చాడు! వెనకవాడు హారన్ కొట్టేదాకా పచ్చదీపం సంగతే తెలియలేదు.

గదిలో అక్క కుర్చీ అంచున కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. బావ నిలబడే ఉన్నాడు.

"రా బావమరిదీ. పదహారన్నాను. విన్నారా ఇద్దరూ?"

అతను వంగి చూశాడు. తెర మీద ఎనిమిది కోర్లూ నిండుగా పనిచేస్తున్నాయి. కానీ ఒక్కో బొమ్మకి నలభై సెకన్లు పడుతోంది. ప్రాసెసర్ వేగం దాదాపు సగానికి పడిపోయింది. వేడి తొంభై ఐదు డిగ్రీలు.

"అక్కా, పెట్టెక్కడ?"

"ఇదిగో, ఇందులో. దుమ్ము పడకుండా మీ బావ తలుపు పెట్టించాడు."

బల్ల కింద చెక్క అర, దానికి చక్కని తలుపు. చెయ్యి ఆనిస్తే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. లోపల పెట్టె తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటూ, కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటోంది.

తలుపు తీస్తే చాలదు. గాలి పోయేది వెనకనుంచి, అక్కడ చెక్క. పెట్టెను బయటికి లాగాలి.

"ఆపి లాగుదామా?"

"ఆపితే అంతా పోతుందిరా! బొమ్మలు విడివిడిగా దాచలేదు, నేరుగా వీడియోలోకే రాయమన్నాను."

కరెంటు తీగ వెనక చిన్న కన్నంలోంచి వచ్చింది. లోపల వదులు జానెడు కూడా లేదు.

"బావా, బల్ల వెనక్కి దూరి ఆ తీగ పట్టుకో. పెట్టెలో ప్లగ్గు కదిలిందంటే అయిపోయాం."

"నేనా? నా పొట్ట పడుతుందా అక్కడ?"

"పడుతుంది, దూరండి!" అంది అక్క.

బావ గోడకీ బల్లకీ మధ్య బోర్లా పడుకుని, కన్నంలోంచి తీగను కొంచెంకొంచెంగా లోపలికి తోశాడు. తమ్ముడు పెట్టెను అంగుళం అంగుళం జరిపాడు. మధ్యలో ఒకసారి తెర రెప్పవేసినట్టయింది. ముగ్గురూ బిగుసుకుపోయారు. అది తెర తీగ మాత్రమే. పెట్టె బయటికొచ్చాక పక్కరేకు మర విప్పి, స్టాండు ఫ్యానును ఎదురుగా పెట్టాడు. పదకొండూ ఇరవై. నలభై సెకన్లు ముప్పై రెండయ్యాయి. పది నిమిషాలకి ఇరవైనాలుగు.

ఆ తర్వాత చెయ్యడానికేమీ లేదు. ఆ ఖాళీయే అతన్ని తినేసింది. ఫ్యాను చప్పుడు మారినట్టనిపిస్తే లేచేవాడు. కరెంటు పోతుందేమోనని దీపం వంక చూసేవాడు. అక్క తెచ్చిన నీళ్లు అలాగే ఉన్నాయి.

ఒంటిగంటా యాభై రెండుకి ఆరువందో బొమ్మా పడింది. అక్క వెంటనే పంపింది. రెండుకి రెండు నిమిషాలున్నాయనగా జవాబొచ్చింది: "అందిందమ్మా. మొదలెడుతున్నాం."

అక్క ఏడ్చింది, నవ్వింది. బావ మోచేతుల బూజు దులుపుకుంటూ, "పదహారైతే ఇంత గొడవుండేది కాదుగా" అన్నాడు.

పదహారైతే ఆ చెక్కలో ఇంకా ఉడికేదని చెప్పొచ్చు. కానీ తమ్ముడు సంచి భుజాన వేసుకున్నాడు. ఏం పని చేస్తావని అందరినీ అడిగాడు. పెట్టె ఎక్కడ పెడతావని ఒక్కణ్ణీ అడగలేదు, సొంత అక్కను కూడా.

దుకాణానికి తిరిగొచ్చి మూడు నోటుబుక్కులూ ముందేసుకున్నాడు. ప్రతి అంకె రేకు విప్పేసి, బల్లమీద, ఫ్యాను కింద తీసిందే. ప్రతిదీ నాలుగైదు నిమిషాలదే. మొదటి పేజీలో, సెకన్ల పక్కన రాసుకున్న కొన్నవాళ్ల నంబర్లలో మొదటిదానికి ఫోను చేశాడు.

"సార్, కంప్యూటర్ షాపునుంచి. మీ పెట్టె ఎక్కడ పెట్టారండీ?"

"ఇదేం కొత్త రోగం?" అన్నాడు యజమాని కౌంటర్లోంచి.

అవతలి గొంతు ముచ్చటగా చెప్పింది. "అలమరలో పెట్టించానండీ. తలుపేస్తే చప్పుడు కూడా రాదు. ఏమండీ, ఎందుకూ?"

అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.